నలభై ఏడో గూడు

గూడంటే గూడు కాదు.
పుల్ల లేదు, పీచు లేదు.
గులకరాళ్ల మీద పొట్ట ఆనించి
పిట్ట రెండుసార్లు గుండ్రంగా తిరిగితే
పడిన సొట్ట, అంతే.
అందులో రెండు గుడ్లు
రాళ్లే కని పోయినట్టు.

మొదటిరోజే చెప్పింది గొబ్నెట్:
"లోర్కన్, ఇక్కడ ముందు కళ్లు నడవాలి,
తర్వాతే కాళ్లు."
ఆమెకు ఇరవై మూడు, నాకు డెబ్భై రెండు.
నలభై ఏళ్లు ఈ ఒడ్డు పక్కనే
రైళ్లకు సిగ్నళ్లు వేసినవాణ్ణి,
ఆగడమంటే ఏమిటో నాకు నేర్పాలా?
అయినా తలూపాను.

మా కంచె చూస్తే నవ్వొస్తుంది.
నాలుగు గుంజలు, నీలం తాడు,
"దయచేసి" అని మొదలయ్యే ఒక బోర్డు.
కుక్కను తెచ్చినవాళ్లు బోర్డు చదువుతారు,
కుక్క చదవదు.
నక్క అసలే చదవదు.
మే నెల ఒక తెల్లవారుజామున
తొమ్మిది గూళ్ల మీదుగా
వంకర లేని దాని అడుగుల వరస.
అంత తీరిగ్గా నడిచింది మరి.
నేను ఆ రాత్రి కునుకు తీశాను.
గొబ్నెట్ ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.

టెర్న్ పిట్టను తూస్తే
ఒక కోడిగుడ్డు బరువు.
ఆ కాస్త బరువే ఆఫ్రికా పడమటి ఒడ్డు నుంచి
ఐర్లండ్ దాకా తనను తాను మోసుకొచ్చి
సరిగ్గా అలలు అందుకునే చోటే
గుడ్లు పెట్టింది.
బుద్ధి లేదా అంటే లేదు.
అంతకంటే ఎగువన
మనుషుల దుప్పట్లున్నాయి, మనుషుల మంటలున్నాయి.

జూన్ అమావాస్య. ఈశాన్యపు గాలి.
రాత్రికి పోటు ఎంత ఎత్తు లేస్తుందో
కాగితం మీద అంకె ఉంది.
చేపల పెట్టె బోర్లించి,
దానిమీద ఇసుక పోసి, రాళ్లు పరిచి,
నడుమ బొటనవేలితో సొట్ట నొక్కి,
గుడ్లు రెండూ పైకి మార్చింది గొబ్నెట్.
నలభై ఏడో గూడు ఇప్పుడు మోకాలెత్తు.
"ఇరవై నిమిషాలు" అంది.
ఆలోగా తల్లి వచ్చి కూర్చోకపోతే
మళ్లీ కిందికి దించేయాలి,
సముద్రానికి వదిలేయాలి.

రాళ్ల వెనక బోర్లా పడుకున్నాం.
పిట్ట వచ్చింది. పెట్టె మీద తిరిగింది.
పాత సొట్ట దగ్గరే దిగింది.
అక్కడ ఏమీ లేదు.
లేనిదాని మీదే కూర్చుంది.

పదకొండు నిమిషాలు.

అప్పుడు నోరు జారాను.
నాకు తొమ్మిదేళ్లప్పుడు
అన్న కొల్మ్, నేను ఈ ఒడ్డునే ఏరాం, ఏడు గుడ్లు.
సూదితో చెరో కొసనా బెజ్జం పెట్టి
నోటితో ఊది సొన తీశాం.
ఒకదాంట్లో సొన రాలేదు,
ఏదో అడ్డుపడింది.
కొల్మ్ గట్టిగా ఊదాడు.
బిస్కెట్ల డబ్బాలో దూది మీద
ఇప్పటికీ ఉన్నాయి, నా మంచం కింద.
కొల్మ్ పోయాడు. డబ్బా పోలేదు.

తిడుతుందనుకున్నాను.
జేబులోంచి పెన్సిల్ తీసింది.
"ఏ ఏడు? ఏ నెల?
ఇంకా ఎన్ని గూళ్లు కనిపించాయి?"
నాకు గుర్తున్నంత చెప్పాను.
అడుగు వేస్తే గుడ్డు చిట్లేటన్ని, అన్నాను.
రాసుకుంది.
ఆనాటి లెక్క ఎవరి దగ్గరా లేదట.
దొంగవాడి వాంగ్మూలమే
ఈ ఒడ్డుకు మొదటి పద్దు.

పంతొమ్మిదో నిమిషంలో
పిట్ట ఎగిరి పెట్టె మీద వాలింది.
ముక్కుతో ఒక గుడ్డును కొంచెం జరిపింది,
నా వేళ్లు సర్దింది నచ్చనట్టు.
కూర్చుంది.

రాత్రి నీళ్లు ముప్పై ఒక్క గూళ్లు తీసుకుపోయాయి.
పెట్టె మొదటి పలక తడిసింది.
తెల్లవారే రైలు కూత వేయకుండా వెళ్లింది.
డ్రైవర్ ఎవరో నాకు తెలియదు,
చెయ్యి ఎత్తాను.

ఈ రాత్రికి కాగితం మీద అంకె
నిన్నటికంటే జానెడు ఎక్కువ.
రెండో పెట్టె కోసం
గొబ్నెట్ చేపల రేవుకు వెళ్లింది.